పప్పుండల పులుసు: ఉండల్ని ఆవిరి పెట్టాలా, నేరుగా పులుసులో వేయాలా?

నల్గొండ వంటిల్లు: ఆదివారం పప్పుండల పులుసు చేయాలి. శనగపప్పు ఉండల్ని ముందు ఇడ్లీ పాత్రలో ఉడికించాలా, మరిగే పులుసులో నేరుగా వేయాలా? మా ఇంట్లో తలా ఒక మాట చెప్తున్నారు.

పాలమూరు అక్క: నేరుగానే. పప్పు రెండు మూడు గంటలు నానాక నీళ్లు పూర్తిగా వంపేసి, చుక్క నీళ్లు పోయకుండా బరకగా రుబ్బాలి. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి ఉప్పు చివర్లో వేయాలి. ముందే వేస్తే ఉల్లిగడ్డ నీరు వదిలి పిండి జారుతుంది. పులుసు బాగా మసిలేటప్పుడు ఒక్కొక్కటే జారవిడవాలి. గట్టిపడేదాకా గంటె పెట్టొద్దు. పప్పు పిండి కొంచెం దిగి పులుసు దానంతటదే చిక్కబడుతుంది.

మిర్యాలగూడ అన్న: చిక్కదనానికి చెంచా బియ్యప్పిండి చాలు అక్కా. ఆవిరి పెడితే ఉండలు విచ్చిపోవు.

పాలమూరు అక్క: బియ్యప్పిండి కలిపితే జావలా అవుతుంది. ఆవిరి ఉండ లోపల పొడిపొడిగా ఉంటుంది, పులుపు పట్టదు.

మిర్యాలగూడ అన్న: పులుసులో పావుగంట మరిగించి, మూత పెట్టి గంటసేపు వదిలేయండి. ఎందుకు పట్టదు? అసలు సంగతి, విచ్చిపోవు.

గద్వాల: దించేముందు వేయించిన నువ్వుల పొడి వేయండి.

పాలమూరు అక్క: విచ్చిపోవు, విచ్చిపోవు అని అదే మాట పట్టుకున్నారు. పిండి సరిగ్గా రుబ్బితే ఎందుకు విచ్చుతాయి? ఇప్పటి వాళ్లకు ఓపిక లేదు.

మిర్యాలగూడ అన్న: ఓపిక మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా. పెళ్లైన కొత్తలో మా ఆవిడ చేసిన పులుసులో ఉండలు విచ్చాయి. చుట్టాలందరి ముందు మా మేనత్త "మీ అమ్మ నేర్పింది ఇదేనా" అంది. మా ఆవిడ మళ్లీ ఆ పులుసు జోలికి పోలేదు. ఇప్పుడు నేనే చేస్తున్నా, ఆవిరి పెట్టే చేస్తా.

పాలమూరు అక్క: అలా అనడం తప్పే అన్నా. కానీ మా నాన్న బొంబాయికి వలస పోయిన ఎండాకాలాల్లో కూరగాయలు కొనే స్తోమత లేదు. పిడికెడు పప్పుతో అమ్మ ఇంటిల్లిపాదికీ ఇదే చేసేది. తలా ఒక్క ఉండ. కడుపు నింపింది ఆ చిక్కటి పులుసే. ఉండ విచ్చితే పులుసు ఇంకా చిక్కబడేది, ఎవరూ ఒక్క మాట అనలేదు. మీరు ఉండ చూస్తున్నారు, నేను పులుసు చూస్తున్నా.

మిర్యాలగూడ అన్న: మీ ఇంట్లో అనలేదు అక్కా. మా ఇంట్లో అన్నారు.

నల్గొండ వంటిల్లు: ఆదివారం వచ్చేది మా అత్తమ్మ. ఆవిరే పెడతా.

పాలమూరు అక్క: సరే అమ్మా. రుబ్బిన పప్పు ఒక చెంచా తీసి, నీళ్లలో కలిపి పులుసులో పొయ్యి. బియ్యప్పిండి మాత్రం వద్దు.