ఎక్స్చేంజ్‌కి వెళ్తే నిజంగా లీడర్‌షిప్ వస్తుందా?

ఫ్రెండ్స్, ఫైనల్ ఇయర్‌లో ఉన్నా. వేరే దేశంలో ఆరు వారాల వాలంటీరింగ్ ఒకటి, ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఒకటి చూశాను, రెండిట్లో ఏదో ఒకటే కుదురుతుంది. ఎవర్ని అడిగినా లీడర్లని తయారు చేస్తాం అంటున్నారు. నాకు నలుగురిలో నోరు విప్పాలంటేనే వణుకు. ఆరు వారాల్లో మనిషి మారతాడా? వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి ప్లీజ్.

రిప్లై 1:
నేనూ నీలాంటిదాన్నే. ఆరు వారాలు పిల్లలకి ఇంగ్లీష్ చెప్పడానికి వెళ్ళా, నలభై స్లయిడ్లు రెడీ చేసుకుని పోతే మొదటిరోజే ప్రొజెక్టర్ ఆన్ అవ్వలేదు, వాళ్ళ భాష నాకు ఒక్క ముక్క రాదు. బోర్డు మీద చెట్టు బొమ్మ గీసి అలా నిలబడిపోయా. ముందు బెంచీలో పాప లేచొచ్చి నా చేతిలో చాక్‌పీస్ తీసుకుని చెట్టు పక్కన వాళ్ళ భాషలో పేరు రాసి, నాతో పలికించింది, తప్పు పలికితే మళ్ళీ పలికించింది. మర్నాటి నుంచి క్లాసు అలాగే నడిపా, ఒక మాట వాళ్ళు నేర్పాలి, ఒక మాట నేను నేర్పాలి. ఆరు వారాల్లో పూర్తిగా మారిపోయానని చెప్పను గానీ తిరిగొచ్చాక కాలేజీలో మీటింగ్ నడపమంటే తప్పించుకోలేదు.

రిప్లై 2:
ప్రోగ్రామ్ పేరు చూసి కాదు, పని చూసి ఎంచుకో తమ్ముడూ. స్టూడెంట్స్‌ని వేరే దేశాలకి పంపే సంస్థలు ఐసెక్ (AIESEC), ఐఎస్టే (IAESTE) రెండూ రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1948లో మొదలైనవే. ఐసెక్ వాలంటీరింగ్ ఎక్కువగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంటుంది. ఐఎస్టేది టెక్నికల్ స్టూడెంట్స్‌కి ఇంటర్న్‌షిప్, అక్కడ బతకడానికి సరిపడా జీతం కంపెనీయే ఇస్తుంది. ఐక్యరాజ్యసమితి వాలంటీర్లలో అయితే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేసే పనులు కూడా ఉన్నాయి, 18 ఏళ్ళు నిండాలి, ఫీజు ఉండదు. భయం ఉంటే ముందు అది చేసి చూడు. ఎక్కడికెళ్ళినా రోజూ ఏం పని, ఎవరికి రిపోర్ట్ చెయ్యాలి, ఇన్సూరెన్స్ ఎవరిది, ఏ వీసా అని రాతపూర్వకంగా అడుగు. టూరిస్ట్ వీసా మీద వచ్చెయ్ అన్నారంటే మాత్రం వద్దు, చాలా దేశాల్లో ఆ వీసా మీద జీతం లేని పని చేసినా తప్పే, చిక్కుల్లో పడేది నువ్వు.

రిప్లై 3:
ఇంకోటి కూడా చూడండి. అనాథాశ్రమాల్లో చిన్నపిల్లలతో కొన్ని వారాల వాలంటీరింగ్ అంటే నేను గట్టిగా వద్దంటా. పిల్లలు దగ్గరవుతారు, మనం వెళ్ళిపోతాం, ఇంకొకరొస్తారు, మళ్ళీ అదే, వాళ్ళ మనసు ఏమవుతుంది? అక్కడివాళ్ళే నడిపే పనిలో మనం సాయంగా ఉండాలి. నేనైతే ఇంటర్న్‌షిప్‌కే ఓటేస్తా, ఆరు నెలల్లో నువ్వు చేసిన తప్పుని నువ్వే దిద్దుకునేంత టైం ఉంటుంది. నా ఇంటర్న్‌షిప్‌లో నా వల్ల డెలివరీ రెండు రోజులు లేటైతే మీటింగ్‌లో మేనేజర్ కంటే ముందు నేనే లేచి చెప్పా, కాళ్ళు వణికాయి, అయినా చెప్పా.

ప్రశ్న అడిగినవాడు:
చాలా థాంక్స్ అక్కా, అన్నలూ. ఇంటర్న్‌షిప్ వాళ్ళకి ఇప్పుడే మెయిల్ పెట్టా, ఆ నాలుగూ అడిగా. జవాబు రాగానే ఇక్కడే పెడతా.