అప్‌డేట్: పగలు ఆక్సిజన్ 94, రాత్రి పడుతుందో లేదో ముందే తెలుస్తుందా?

మా నాయనకి సీవోపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగా ఆడని జబ్బు), పగలు వేలికి క్లిప్ (ఆక్సిమీటర్) పెడితే ఆక్సిజన్ 94 శాతం చూపిస్తుంది గానీ పొద్దున లేస్తే తలనొప్పి, మబ్బు, రాత్రిపూట పడిపోతోందేమో పగటి రీడింగ్‌ని బట్టి చెప్పొచ్చా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది రాత్రంతా రికార్డు చేసే ఆక్సిమీటర్ పెట్టించమన్న మాట. ఒంగోలులో ఊపిరితిత్తుల డాక్టరు కూడా అదే అన్నారు: పగలు తక్కువున్న వాళ్ళకి రాత్రి పడే అవకాశం ఎక్కువే, కానీ ఆ అంకె, ఊదే పరీక్ష చూసి ఎవరికి పడుతుందో గట్టిగా చెప్పలేం, కొలవాల్సిందే. పొదిలిలో మా ఇంట్లోనే నాయన అది పెట్టుకుని పడుకున్నాడు. గ్రాఫ్ రంపం పళ్ళలా వచ్చింది. ఒట్టి సీవోపీడీ అయితే ఎక్కువగా కలలొచ్చే నిద్రలో చాలాసేపు కిందే ఉండిపోతుందట, ఇలా పదే పదే పడి లేస్తుంటే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూడాలట. స్లీప్ స్టడీలో (నిద్రలో ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష) అదే తేలింది, రెండు జబ్బులూ కలిసున్నాయి. (ఆ గురకకి మేం ఎప్పుడో అలవాటు పడిపోయాం!)

ఇప్పుడు సీప్యాప్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్క్‌తో గాలిని ఒత్తిడిగా పంపే మిషన్) వాడుతున్నాడు. మాస్క్‌తో మొదట్లో రోజూ గొడవే, తలనొప్పి మాత్రం బాగా తగ్గింది.

కాన్సన్‌ట్రేటర్ (ఇంట్లో ఆక్సిజన్ ఇచ్చే మిషన్) అక్కర్లేకపోయింది. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ నిలవుండే వాళ్ళకి ఇష్టమొచ్చినట్టు ఆక్సిజన్ పెడితే ప్రమాదమని, రక్తపరీక్ష చూశాకే డాక్టరు వద్దన్నారు. దిండు ఎత్తు మార్చడం, కిటికీ తీయడం వల్ల ఏ తేడా రాలేదు. మాస్క్ సైజు గురించి ఎవరికైనా కావాలంటే అడగండి, దాంట్లో బాగానే ఆరితేరాం.