ఫోర్గెన్‌సే సైకిల్ రైడ్: విశాఖ బ్యాచ్ సంగతులు ఇక్కడ రాయండి

రూటు చూసేవాడు (ప్రస్తుతం ఎంవీపీ కాలనీ)
అందరికీ నమస్కారం. జూలైలో జర్మనీలోని ఫోర్గెన్‌సే సరస్సు చుట్టూ, ఫ్యూసెన్ ఊరి నుంచి వేసే సైకిల్ రైడ్‌కి మ్యూనిక్‌లోని మనవాళ్లు పన్నెండు మంది, విశాఖ నుంచి పిల్లల దగ్గరికి వస్తున్న అమ్మానాన్నలు తొమ్మిది మంది తేలారు. సెలవు మీద ఇంటికొచ్చాను కాబట్టి ఆ తొమ్మిది మందినీ సిద్ధం చేసే పని నా మీద పడింది.

సరస్సు చుట్టూ దారి సుమారు 32 కిలోమీటర్లు. దగ్గర దగ్గర ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్లినంత. కైలాసగిరి లాంటి ఎక్కుడు ఎక్కడా లేదు. పడమటి ఒడ్డున మాత్రం కాస్త ఎత్తుపల్లాలున్నాయి. అందుకే ఫ్యూసెన్ నుంచి పడమటి ఒడ్డు మీదుగా ఉత్తరాన రోస్‌హాప్టెన్ చేరి, తూర్పు ఒడ్డున దిగొద్దాం అంటున్నాను. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఎక్కుళ్లు అయిపోతాయి. తిరుగు దారిలో పచ్చిక మైదానాలు, ఆవుల మెడ గంటలు, ఎదురుగా కొండ మీద తెల్లగా నోయిష్వాన్‌స్టైన్ కోట. దాని పక్కన పసుప్పచ్చ హోహెన్‌ష్వాన్‌గావ్ కోట. ష్వాన్‌గావ్ పొలాల్లో సెయింట్ కోలోమన్ చర్చి దగ్గర ఫొటోలకి పావుగంట వదిలేశాను. చాలదని నాకూ తెలుసు.

భోజనాలు చూసే అక్క (మ్యూనిక్)
తమ్ముడూ, మా మావయ్యగారు ఫోన్‌లో అడిగారు, బొబ్బిలి కోటలా ఈ నోయిష్వాన్‌స్టైన్ కూడా యుద్ధాలు చూసిందా అని. ఏం చెప్పమంటావు?

రూటు చూసేవాడు
లేదని చెప్పక్కా. బొబ్బిలి యుద్ధం 1757లో. ఈ కోట పని మొదలైందే 1869లో. బవేరియా రాజు రెండో లుడ్విగ్ తన ఊహల్లోని పాతకాలం కోసం కట్టించుకున్నాడు, శత్రువుల కోసం కాదు. 1886లో ఆయన పోయేనాటికి పూర్తి కాలేదు. అదే ఏడు జనానికి తెరిచేశారు.

లోపలికి తీసుకెళ్లమని మాత్రం ఎవరూ అడగొద్దు. టికెట్ మీద వేసిన టైముకి గుమ్మం దగ్గరుండాలి, కొండెక్కాలి, మెట్లెక్కాలి. ఇరవై ఒక్క మందిని సైకిళ్లతో సహా ఆ టైముకి చేర్చడం నా వల్ల కాదు. కోట బయటి నుంచే బాగుంటుంది. ఇది నా సొంత అభిప్రాయం, తిట్టుకోండి.

సీతమ్మధార పిన్నిగారు
బాబూ, నేను సైకిల్ తొక్కి ముప్పై ఏళ్లయింది. మధ్యలో ఆగిపోతే?

రూటు చూసేవాడు
పిన్నీ, దానికి పడవ ఉంది. జూన్ నుంచి అక్టోబరు మధ్య దాకా సరస్సులో తిరుగుతుంది, సైకిళ్లనూ ఎక్కించుకుంటారు. అలసిపోయినవాళ్లు రోస్‌హాప్టెన్‌లో ఎక్కి ఫ్యూసెన్‌లో దిగడమే. నిజం చెప్పాలంటే నాకూ పడవ మీదే మనసు.

అన్నట్టు అది పుట్టు సరస్సు కాదు. లెఖ్ నదికి అడ్డుకట్ట వేస్తే 1954లో నిండింది. ఫోర్గెన్ అనే పల్లె మునిగిపోయి, పేరొక్కటే నీళ్ల మీద మిగిలింది. శ్రీశైలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది చూడండి, అలాగే ఫోర్గెన్‌సేలో చలికాలంలో నీళ్లు వదిలేస్తే రోమన్ల నాటి బాట ఆనవాళ్లు తేలతాయి. మనం వెళ్లేది జూలైలో కాబట్టి నీళ్లే చూస్తాం.

ఇక అసలు భయం వేరే. నిన్న పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్లు ఆపేసిన వేళ నలుగురం తొక్కాం. లాసన్స్‌బే బాబాయ్ తొక్కడం ఆపి, పెడల్ వెనక్కి తిప్పుతూ టిక్ టిక్ టిక్ మని ఆ చప్పుడు వింటూ పోతున్నారు. చిన్నప్పటి అలవాటట. అక్కడ అద్దె సైకిళ్లలో చాలావాటికి పెడల్ వెనక్కి తొక్కితే అదే బ్రేకు! టిక్ అనేలోపు వెనక చక్రం పట్టేస్తుంది. బాబాయ్‌కి చెప్తే, "అయితే మరి సైకిల్ ఎందుకు తొక్కడం?" అన్నారు. చేతి బ్రేకులే ఉన్న సైకిల్ ఒకటి ఆయనకి విడిగా అడగాలి. మ్యూనిక్ వాళ్లు అద్దె కొట్టుకి ముందే ఫోన్ చేయండి.

రెండోది, కుడి పక్కన పోవాలి. బీచ్ రోడ్డులో అది నేర్పలేను, కొంపలు మునుగుతాయి. అందుకని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సుద్దతో గీత గీసి తిప్పిస్తున్నాను. గుర్తులేమీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాళ్లకి దారివ్వాలన్నది కూడా అక్కడే. వాచ్‌మన్ కుడి నుంచి వస్తాడు, అందరూ ఆగుతారు. ఇప్పుడు ఆయన కావాలనే వస్తున్నాడు.

భోజనాలు చూసే అక్క
పులిహోర, దద్దోజనం నేను చూసుకుంటాను. విశాఖ నుంచి వచ్చేవాళ్లు దయచేసి నేతి సీసాలు, పాలకోవా పెట్టెల్లో సర్దకండి. పాల పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు. కిందటేడు మా అత్తగారి కోవా ఎయిర్‌పోర్ట్‌లో చెత్తబుట్ట పాలైంది, ఆవిడ ఇప్పటికీ నన్నే అంటున్నారు. ఆవకాయకి భయం లేదు, మూత బిగించుకుంటే చాలు.

రైలు టికెట్లు చూసే తమ్ముడు (మ్యూనిక్)
మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్ సుమారు రెండు గంటలు. బయెర్న్ టికెట్ (బవేరియాలో ఒక రోజు చెల్లే రైలు టికెట్) ఒక్కదాని మీద అయిదుగురు దాకా వెళ్లొచ్చు, సైకిల్‌కి మాత్రం వేరే టికెట్. అక్కడే అద్దెకి తీసుకుంటున్నాం కాబట్టి ఆ గొడవ లేదు. ఒక్క మాట, జూలైలో మధ్యాహ్నం దాటితే కొండల మీంచి ఉరుముల వాన దిగుతుంది. రెండు గంటలకల్లా తూర్పు ఒడ్డు దాటెయ్యాలి.

సీతమ్మధార పిన్నిగారు
చీర కుదురుతుందా?

రూటు చూసేవాడు
చైనుకి కవరుంటే కుదురుతుంది పిన్నీ, కొంగు దోపుకోవాలి. చున్నీలకీ ఇదే మాట. ఆదివారం పొద్దున్న అయిదున్నరకి కాళీమాత గుడి దగ్గర కలుద్దాం. గాలి పంపు ఎవరు తెస్తున్నారు?

లాసన్స్‌బే బాబాయ్
నేను తెస్తాను. నా సైకిల్ కూడా తెస్తాను, టిక్ టిక్ మనేదే.