భుజం ఆపరేషన్‌కు నరాల బ్లాక్ కావాలా, మాత్రలు చాలవా?

అమ్మకోసం:
అమ్మకు భుజంలో చిరిగిన స్నాయువును కుట్టడానికి కీహోల్ ఆపరేషన్ చేస్తారట. జనరల్ అనస్థీషియాతో పాటు మెడ పక్కన నరాల బ్లాక్ కూడా, అంటే భుజం నరాలను కొన్ని గంటలు మొద్దుబార్చే సూది, ఇస్తామన్నారు. కానీ అమ్మ చాలా ఏళ్లుగా ఆయాసానికి ఇన్‌హేలర్ వాడుతోంది. మెడలో సూది అనేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఒప్పుకోమంటారా, వద్దనమంటారా?

కుట్లభుజం:
నేనైతే వద్దంటాను. నాకు ఆ బ్లాకే ఇచ్చారు. రాత్రి దాకా ఏ బాధా లేదు. కుట్లు పడిన చేతిని రెండో చేత్తో తాకితే వేరెవరి చెయ్యో పట్టుకున్నట్టుంది. నొప్పి లేనప్పుడు మాత్ర ఎందుకన్నారు, సరేనని పడుకున్నాను. అర్ధరాత్రి వేళ్లలో తిమ్మిరి మొదలైంది. కాసేపటికే భుజం మెలిపెట్టినంత నొప్పి. అప్పుడు వేసుకున్న మాత్ర పనిచేసేసరికి తెల్లారిపోయింది.

ఇది నా ఒక్కడి గొడవ కాదు. పలు ట్రయల్స్‌ను కలిపి చూసిన 2015 నాటి సమీక్ష ఒకటి ఉంది. ఒక్క డోసు బ్లాక్ వల్ల లాభం చెయ్యి కదపకుండా ఉంటే 8 గంటలు, కదిపితే 6 గంటలేనని అందులో తేలింది. 24 గంటల దగ్గర బ్లాక్ తీసుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువగా ఉండొచ్చట. నొప్పిని వాయిదా వేసుకోవడానికి మెడలో సూది ఎందుకండీ?

మత్తుడాక్టర్:
కుట్లభుజం గారూ, మీరు చెప్పిన నొప్పి నిజం. దాన్ని రీబౌండ్ పెయిన్ అంటాం. కానీ మీ విషయంలో తప్పు బ్లాక్‌ది కాదు, మాత్ర వద్దన్నవాళ్లది. మీకు మాత్ర పడాల్సింది తిమ్మిరి మొదలవక ముందే. పారాసెటమాల్, కిడ్నీలకూ కడుపుకూ ఇబ్బంది లేనివాళ్లకు దాంతో పాటు మరో నొప్పి మాత్ర, నొప్పి లేకపోయినా టైముకు పడాలి. డెక్సామెథసోన్ అనే స్టీరాయిడ్ కలిపితే బ్లాక్ ఇంకొన్ని గంటలు నిలుస్తుంది. మొదటి రోజు మార్ఫిన్ లాంటి మందులు తక్కువతో గడిస్తే వాంతులు, మగత తగ్గుతాయి. పెద్దవయసువాళ్లకు అది చిన్న లాభం కాదు.

అమ్మకోసం గారూ, మీ ప్రశ్న వేరు, నాకు అదే ముఖ్యం. మెడ దగ్గర ఇచ్చేదాన్ని ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ అంటారు. ఊపిరికి ఆధారమైన డయాఫ్రమ్‌ను నడిపే ఫ్రీనిక్ నరం సరిగ్గా ఆ పక్కనుంచే వెళ్తుంది. మామూలు డోసు, అంటే 20 మిల్లీలీటర్లు ఇస్తే దాదాపు అందరిలోనూ ఆ వైపు సగం డయాఫ్రమ్ కొన్ని గంటలు పనిచేయదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చాలాసార్లు తెలియనే తెలియదు. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్లకు అదే ప్రమాదం కావచ్చు. డోసు తగ్గిస్తే ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

అందుకని బ్లాకే వద్దనక్కర్లేదు. భుజం కీలుకు స్పర్శనిచ్చే నరాల్లో పెద్ద వాటా సుప్రాస్కాపులర్‌ది, సుమారు 70 శాతం. దాన్ని భుజం వెనకవైపు, ఆక్సిలరీ నరంతో కలిపి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మొద్దుబార్చవచ్చు. డయాఫ్రమ్ జోలికి దాదాపు పోదు. ఆపరేషన్ అయిన తొలి గంటల్లో ఇంటర్‌స్కేలీన్‌దే పైచేయి, ఆ తర్వాత తేడా పెద్దగా ఉండదు.

సందేహి:
నరం దెబ్బతింటే? చెయ్యి పడిపోయిందని విన్నాను.

మత్తుడాక్టర్:
శాశ్వతంగా దెబ్బతినడం చాలా అరుదు, పదివేలల్లో కొద్దిమందికి. కొన్ని వారాలు ఉండి పోయే తిమ్మిరి అంతకంటే ఎక్కువగా చూస్తాం. మెడ బ్లాక్ తర్వాత గొంతు బొంగురుపోవడం, ఆ వైపు కనురెప్ప వాలడం మందు ప్రభావం తగ్గేకొద్దీ సర్దుకుంటాయి. ఆయాసం పెరిగితే మాత్రం ఆగకుండా చెప్పాలి.

అమ్మకోసం:
అయితే ఇన్‌హేలర్ సంగతి మత్తు డాక్టర్‌కే నేరుగా చెప్పి, వెనకవైపు బ్లాక్ ఇస్తారా అని అడుగుతాను. అమ్మకు కూడా ఆ మాట వినగానే భయం కాస్త తగ్గింది.

కుట్లభుజం:
వెనకవైపు ఇచ్చేదైతే నాకూ అభ్యంతరం లేదు. కానీ ఏ మాత్ర ఏ టైముకో ఆ రాత్రికి కాగితం మీద రాసివ్వని చోట బ్లాక్ వద్దనే అంటాను. అడిగి రాయించుకోండి.