కాపుచినో, లాటే, ఫ్లాట్ వైట్: పేర్లు వేరైనా కప్పులో తేడా ఎంత?

ప్రశ్న: మాదాపూర్ ఉద్యోగి

మా ఆఫీసు ఉన్న వీధిలో ఎస్ప్రెస్సో యంత్రం పెట్టిన కాఫీ షాపులు ఈమధ్య చాలానే వచ్చాయి. ఏ మెనూ చూసినా కాపుచినో, లాటే, ఫ్లాట్ వైట్ వరుసగా ఉంటాయి. కొన్నిచోట్ల కోర్టాడో కూడా చేరింది. అన్నింటిలోనూ ఉండేది ఎస్ప్రెస్సో, వేడి పాలు, నురగేనని తెలుసు. అలాంటప్పుడు ఒక షాపులో ఫ్లాట్ వైట్ చిక్కగా, కాఫీ రుచి స్పష్టంగా తెలిసేలా ఉండి, పక్క షాపులో అదే పేరుతో ఇచ్చినది లాటేకు ఏమాత్రం తేడా లేకుండా ఉండటానికి కారణం ఏమిటి? ఇంట్లో చిక్కటి డికాక్షన్ కాఫీకి అలవాటు పడిన నాకు లాటే తాగితే పాలు తాగినట్టే ఉంటోంది. కాపుచినో తీసుకుంటే సగం కప్పు నురగే. పాలు వద్దని కాదు, పాలలో కూడా కాఫీ రుచి నిలవాలి. ఏది అడగాలో, ఎలా అడగాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: యంత్రం వెనుక నుంచి

నేను చేసేది ఈ పనే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పేరును కాసేపు పక్కన పెట్టి, కప్పులో ఎన్ని షాట్లు (షాట్ అంటే యంత్రం నుంచి ఒక విడతగా దింపిన ఎస్ప్రెస్సో) పడ్డాయి, కప్పు ఎన్ని మిల్లీలీటర్లది అన్నవి ముందు చూడండి. సాధారణంగా డబుల్ షాట్ అంటే 18 గ్రాముల పొడి నుంచి, 9 బార్ల ఒత్తిడితో, 25 నుంచి 30 సెకన్లలో దిగే సుమారు 36 గ్రాముల ఎస్ప్రెస్సో. దానికి దాదాపు సమానంగానో, కొంచెం ఎక్కువగానో పాలు పోస్తే కోర్టాడో. అదే డబుల్ షాట్‌ను 160 మి.లీ. కప్పులో పట్టి, కప్పు నిండా పాలు పోస్తే ఫ్లాట్ వైట్. అంటే ఒక వంతు కాఫీకి సుమారు మూడున్నర వంతుల పాలు. ఇక 240 మి.లీ. కప్పు నింపితే లాటే అవుతుంది, పాలు ఐదున్నర వంతులు దాటిపోతాయి. మీకు పాలు తాగినట్టు అనిపించడానికి కారణం అదే.

మిగిలిన తేడా నురగది. స్టీమ్ గొట్టం కొనను పాల ఉపరితలానికి ఆనీ ఆననట్టు పెట్టినప్పుడు గుడ్డ చింపినట్టు సన్నని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వస్తున్నంతసేపూ పాలలోకి గాలి చేరుతూ ఉంటుంది. ఫ్లాట్ వైట్‌కు రెండు మూడు సెకన్లలోనే గొట్టాన్ని లోపలికి దించేసి, పాలు జగ్గులో సుడి తిరిగేలా పట్టుకుంటాము. అందువల్ల పైన అర సెంటీమీటరుకు మించని పలుచని, మెరిసే నురగ వస్తుంది. లాటేకు అంతకన్నా కొంచెం ఎక్కువ. కాపుచినోకు ఇంకా ఎక్కువ గాలి పట్టించి, కనీసం ఒక సెంటీమీటరు మందాన నురగ నిలిచేలా చేస్తాము. ఏ పానీయానికైనా పాలు 60 నుంచి 65 డిగ్రీల దగ్గర ఆపాలి. 70 దాటితే తీపి తగ్గి, మరిగిన పాల వాసన వస్తుంది. “బాగా వేడిగా కావాలి” అని అడిగేవారు మన దగ్గర ఎక్కువ కనుక చాలా షాపుల్లో ఈ హద్దు దాటిపోతూనే ఉంటుంది.

మీరు చెప్పిన పక్క షాపు విషయానికి వస్తే, ఒకే సైజు కప్పులు పెట్టుకుని, ఒకే జగ్గులో కాచిన పాలను లాటేకూ, ఫ్లాట్ వైట్‌కూ పోసేచోట ఆ రెండింటికీ తేడా మెనూలోనే ఉంటుంది.

జవాబు: డాలస్ నుంచి

పైన చెప్పినదానికి అమెరికా నుంచి ఒక ఉదాహరణ. ఇక్కడ స్టార్‌బక్స్‌లో కప్పు సైజులు టాల్ 354 మి.లీ., గ్రాండే 473, వెంటీ 591. వేడి లాటే అడిగితే టాల్‌లో ఒక్క షాటే వేస్తారు, గ్రాండేలో రెండు, వెంటీలో కూడా రెండే. లెక్క వేసి చూస్తే గ్రాండేలో ఒక్కో షాట్‌కు సుమారు 237 మి.లీ. కప్పు వస్తుంటే, టాల్‌లో ఒకే షాట్ 354 మి.లీ.లో కలిసిపోతుంది. చిన్న కప్పు తీసుకుంటే కాఫీ ఘాటుగా ఉంటుందని అనుకునేవారికి ఇది మింగుడుపడదు కాని, వేడి లాటేలలో అన్నింటికన్నా పలుచన టాల్ సైజే. అదే టాల్ సైజులో ఫ్లాట్ వైట్ అడిగితే రెండు రిస్ట్రెట్టో షాట్లు వేస్తారు. రిస్ట్రెట్టో అంటే తక్కువ నీటితో దింపిన షాట్ కనుక చేదు తక్కువగా, చిక్కగా ఉంటుంది. కాబట్టి ఆ సైజులో లాటేకూ, ఫ్లాట్ వైట్‌కూ తేడా నిజంగానే నాలుకకు తెలుస్తుంది. ఫ్లాట్ వైట్‌ను ఇక్కడి మెనూలో 2015 జనవరిలోనూ, కోర్టాడోను 2025 జనవరిలోనూ చేర్చారు. కోర్టాడోను 8 ఔన్సుల (సుమారు 237 మి.లీ.) కప్పులోనే ఇస్తారు. నాకు నచ్చినది అదే. కారమెల్ మకియాటో జోలికి మాత్రం వెళ్లకండి. ఇటలీలో మకియాటో అంటే ఎస్ప్రెస్సో మీద ఒక చెంచాడు పాల నురగ మాత్రమే. ఇది వెనిలా సిరప్, కారమెల్ కలిపిన పాల గ్లాసు.

జవాబు: కాపుచినో పక్షం

ఇక్కడ కాపుచినోకు అన్యాయం జరుగుతోంది. ఇటలీలో ఎస్ప్రెస్సో ప్రమాణాలను చూసే జాతీయ సంస్థ చెప్పిన కొలత ప్రకారం 25 మి.లీ. ఎస్ప్రెస్సోకు 100 మి.లీ. చల్లటి పాలు తీసుకుని, వాటిని నురగతో కలిపి 125 మి.లీ. అయ్యేలా, సుమారు 55 డిగ్రీల వరకు కాచి పోయాలి. మొత్తం 150 మి.లీ.; ఒక వంతు కాఫీకి పాలు నాలుగు వంతులే. పైన చెప్పిన ఫ్లాట్ వైట్ కొలతకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఫ్లాట్ వైట్ 1980లలో తమ దేశంలోనే పుట్టిందని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు కాని, నా దృష్టిలో అది నురగ తగ్గించిన చిన్న కాపుచినో. చెంచాతో తీస్తే ముద్దగా పైకి లేచి, కింద పాలు విడిగా మిగిలిపోయే ఆ నురగ కాపుచినో లక్షణం కాదు. అది పాలలోకి గాలి ఎక్కువ పట్టించి, సరిగా సుడి తిప్పకపోవడం వల్ల వచ్చిన లోపం. దాని మీద కోకో పొడి చల్లితే లోపం కనబడదు, అంతే. మంచి కాపుచినోలో మొదటి గుటకలోనే నురగ, కాఫీ కలిసి నోటికి అందుతాయి.

ప్రశ్న అడిగినవారు: మాదాపూర్ ఉద్యోగి

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. లాటేలో అదనంగా ఒక షాట్ వేయించుకుంటే ఫ్లాట్ వైట్‌తో సమానం అవుతుందా? మా దగ్గర అన్ని షాపుల్లోనూ దొరికేది లాటేనే.

జవాబు: యంత్రం వెనుక నుంచి

240 మి.లీ. లాటేలో అదనపు షాట్ వేయిస్తే ఘాటు పెరుగుతుంది, నిజమే. దానితోపాటు బిల్లూ పెరుగుతుంది, కెఫీన్ కూడా. దానికి బదులు “డబుల్ షాట్‌తో, మీ దగ్గర ఉన్న అన్నింటికన్నా చిన్న కప్పులో, నురగ తక్కువగా” అని అడగండి. పాలు కప్పు నిండా కాకుండా ముప్పావు వరకే పొయ్యమన్నా తప్పేమీ లేదు, ఎవరూ కాదనరు.

అయితే అంత చేసినా మీకు ఇంటి కాఫీలా అనిపించకపోవచ్చు. ఫిల్టర్ కాఫీ పొడిలో తరచుగా చికోరీ కలుస్తుంది; డికాక్షన్‌కు ఉండే ఆ నల్లటి చిక్కదనం, చేదు చాలావరకు దాని నుంచే వస్తాయి. ఎస్ప్రెస్సోలో చికోరీ ఉండదు. పైగా కొత్తగా వచ్చిన షాపుల్లో చాలావరకు గింజలను లేతగా వేయిస్తారు. అటువంటి కాఫీలో పుల్లదనం ముందు తెలుస్తుంది, పాలు పడగానే రుచి మరుగున పడిపోతుంది. కాబట్టి పానీయం పేరు ఎంచుకునే ముందు ముదురుగా వేయించిన గింజలు ఉన్నాయా అని అడగండి, ఉంటే వాటితో ఫ్లాట్ వైట్ చేయించుకోండి. పాల సంగతి కూడా కనుక్కోండి. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం ఉంటుంది. ఇంట్లో గేదె పాలకు అలవాటు పడినవారికి టోన్డ్ పాలతో చేసిన ఏ పానీయమైనా పలుచగానే తోస్తుంది. నురగ నిలవడానికి ముఖ్యంగా కావలసింది పాలలోని మాంసకృత్తులు కనుక ఫుల్ క్రీమ్ పాలతోనూ నురగ చక్కగా వస్తుంది, కాకపోతే కొంచెం బరువుగా ఉంటుంది. ఆ బరువే మీకు నచ్చుతుందని నా అంచనా.