భార్యాభర్తలిద్దరం ఆస్ట్రేలియాలో ఒక చిన్న ఊళ్లో స్థిరపడాలనుకుంటున్నాం: అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర ఒక పల్లె. నేను పదేళ్లుగా హైదరాబాద్‌లో సివిల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. నా భార్య ఒక పెద్ద ఆసుపత్రిలో ఐసీయూ స్టాఫ్ నర్సు. నాకు 35 ఏళ్లు, ఆమెకు 31. పిల్లలు ఇంకా లేరు. ఆస్ట్రేలియా వెళ్లాలని రెండేళ్లుగా అనుకుంటున్నాం కానీ సిడ్నీ, మెల్‌బోర్న్ వంటి మహానగరాలకు వెళ్లే ఉద్దేశం మాకు లేదు. మియాపూర్ నుంచి సైటుకు రానూపోనూ రోజూ మూడు గంటలు రోడ్డు మీదే గడుపుతున్నవాణ్ణి, మళ్లీ అదే బతుకు కోసం సముద్రాలు దాటడం దేనికి అనిపిస్తోంది. ఊరి చివర పెరడు ఉన్న ఇల్లు, అందులో నాలుగు బెండ మొక్కలు, రెండు వంగ మొక్కలు, సాయంత్రం ఇద్దరం కలిసి కూర్చుని అన్నం తినగలిగే తీరిక ఉంటే మాకు చాలు.

మేము సంప్రదించిన కన్సల్టెంటు 491 వీసాకు, అంటే ఒక రాష్ట్రం నామినేట్ చేస్తే మహానగరాల బయట రీజినల్ ప్రాంతంలో ఉండి పనిచేయడానికి ఇచ్చే తాత్కాలిక వీసాకు, దరఖాస్తు చేయమంటున్నారు. నా భార్యను ప్రధాన దరఖాస్తుదారుగా పెట్టి న్యూ సౌత్ వేల్స్‌లోని వాగా వాగా అనే ఊరికి వెళ్లమని, మూడేళ్లు కళ్లు మూసుకుని గడిపితే ఆ తరువాత ఎక్కడికైనా పోవచ్చని ఆయన సలహా. ఆ మాట నాకు నచ్చలేదు. మేము గడిపేయడానికి కాదు, ఉండిపోవడానికి వెళ్లాలనుకుంటున్నాం.

నా సందేహాలు ఇవి. అలాంటి ఊళ్లో ఇద్దరం నిలదొక్కుకోగలమా? ఆమెకు పని దొరుకుతుందని అందరూ చెబుతున్నారు, మరి నా సంగతి ఏమిటి? వెళ్లిన కొత్తలోనే ఊరి బయట కాస్త నేలతో పాత ఇల్లు కొనుక్కోవచ్చా? అన్నింటికన్నా పెద్ద దిగులు మా అమ్మ గురించి. నాన్నగారు పోయాక ఆమె పల్లెలో ఒంటరిగా ఉంటోంది. మూడెకరాల మాగాణి కౌలుకు ఇచ్చాం.

మొదటి సమాధానం (వాగా వాగా నుంచి)

నమస్కారం అండీ. నేను ఇక్కడ నర్సుగా నాలుగేళ్ల నుంచి పనిచేస్తున్నాను. మాది నెల్లూరు. మీ శ్రీమతి గారు ఏ దారిలో రావాలనుకుంటున్నారో నేను అదే దారిలో వచ్చాను కనుక నాకు తెలిసినంత వరకు వివరంగా రాస్తాను.

ముందు ఊరి గురించి. వాగా వాగా పల్లె కాదు, యాభై వేలు దాటిన జనాభా ఉన్న పట్టణం. సిడ్నీకి, మెల్‌బోర్న్‌కు ఇంచుమించు మధ్యలో, రెండింటికీ 450 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, మరంబిడ్జీ నది ఒడ్డున ఉంటుంది. సిడ్నీ వైపు, మెల్‌బోర్న్ వైపు రోజుకు రెండేసి రైళ్లు ఆగుతాయి, విమానాశ్రయం ఉంది, విశ్వవిద్యాలయం ఉంది, చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ పెద్ద దిక్కయిన ఆసుపత్రి ఉంది. ఎండాకాలంలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది కనుక పల్నాడు వాళ్లకు అది కొత్త కాదు. జూన్, జూలై నెలల్లో మాత్రం తెల్లవారేసరికి గడ్డి మీద, కారు అద్దం మీద తెల్లగా మంచు పేరుకుని ఉంటుంది. మొదటి ఏడాది ఆ చలికి నా చేతులు పగిలి రక్తం కారాయి.

మీ శ్రీమతి గారు ఇప్పటి నుంచే ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇక్కడ నర్సుగా రిజిస్టర్ కావాలంటే ఇంగ్లీషు పరీక్షతో పాటు ఎన్‌క్లెక్స్ అనే నర్సుల లైసెన్సు పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. దాన్ని హైదరాబాద్‌లోనే రాయవచ్చు. ఆ తరువాత ఓఎస్‌సీఈ అనే ప్రాక్టికల్ పరీక్షకు ఆస్ట్రేలియా రావాల్సి ఉంటుంది. ఈ వీసాకు అభ్యర్థులను ఎంచే పాయింట్ల లెక్కలో వయసు 25 నుంచి 32 మధ్య ఉంటే 30 పాయింట్లు, 33 నిండితే 25 పాయింట్లు వస్తాయి. వీసాకు దరఖాస్తు చేయమని ఆహ్వానం అందే నాటి వయసునే లెక్కలోకి తీసుకుంటారు కనుక ఆమెకు ఉన్న గడువు ఎంతో మీరే లెక్క వేసుకోండి. మీ ఇంజనీరింగ్ అర్హతను కూడా మదింపు చేయించి, మీ వృత్తి కూడా ఆమె వృత్తి ఉన్న వీసా వృత్తుల జాబితాలోనే ఉండి, మీకు తగినంత ఇంగ్లీషు ఉందని నిరూపిస్తే భాగస్వామి తరఫున మరో 10 పాయింట్లు కలుస్తాయి. ఆ మదింపు పత్రం వీసాకే కాదు, వచ్చాక ఉద్యోగం వెతుక్కోవడానికి కూడా మీకు అక్కరకు వస్తుంది. చాలామంది భర్తలు, భార్యలు ఆ ఖర్చు ఎందుకని వదిలేసి ఇక్కడికి వచ్చాక బాధపడుతున్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీరు అడిగిన ప్రశ్నల్లో అన్నింటికన్నా ముఖ్యమైనది మీ గురించి మీరు అడిగినదే. చిన్న ఊరికి వచ్చే జంటలో ఒకరికి మొదటి వారం నుంచే డ్యూటీ, యూనిఫాం, పలకరించే మనుషులు, జీతం అన్నీ ఉంటాయి. రెండోవారికి ఖాళీ ఇల్లు మాత్రమే ఉంటుంది. మా ఇంట్లో ఆ రెండోవారు మా వారే. ఆయన మెకానికల్ ఇంజనీరు. మొదటి ఎనిమిది నెలలు పని దొరకలేదు. నేను నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటే, కుక్కర్ విజిల్‌కు నాకు మెలకువ వస్తుందని ఆయన పొయ్యి వెలిగించకుండా బ్రెడ్డు ముక్కలతో సరిపెట్టుకునేవారు. ఇల్లంతా చప్పుడు కాకుండా మునివేళ్ల మీద తిరిగేవారు. ఆ సంగతి నాకు మూడు నెలల తరువాత గానీ తెలియలేదు. తెలిసిన రోజు ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

ఆయనను నిలబెట్టినవి రెండు. ఒకటి డ్రైవింగ్. ఈ రాష్ట్రంలో తాత్కాలిక వీసాపై ఉన్నవారు ఆరు నెలల్లోపు ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి. మన లైసెన్సు ఉన్నవారు రాతపరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ రాయాలి. బండి లేకపోతే చిన్న ఊళ్లో కాళ్లు లేనట్టే కనుక వచ్చిన వారంలోనే ఆ పని మొదలుపెట్టండి. సందెవేళ ఊరి బయటి రోడ్ల మీద కంగారూలు అడ్డం పడతాయి, కాబట్టి మొదట్లో చీకటి పడ్డాక బండి తీయకండి.

రెండోది మెన్స్ షెడ్. పని మానుకున్న పెద్దవాళ్లు ఎక్కువగా చేరే వడ్రంగం షెడ్లు ఈ దేశంలో దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. పక్కింటి తాతగారు ఒకరోజు బలవంతంగా తీసుకెళ్లారు. నెల తిరిగేసరికి మా వారు అక్కడ ఎర్రటి గమ్ చెట్టు చెక్కతో పీట చేసి ఇంటికి తెచ్చారు. దేవుడి ముందు ఇప్పటికీ ఆ పీటే ఉంది. ఆయనకు మొదటి ఉద్యోగం గురించి కబురు అందింది కూడా ఆ షెడ్డులోనే, పత్రికా ప్రకటన ద్వారా కాదు.

మీరు సివిల్ ఇంజనీరు కావడం మంచిదే. రోడ్లు, వంతెనలు, కాలువల పనులు ఇక్కడ స్థానిక కౌన్సిళ్ల చేతిలో ఉంటాయి. మెల్‌బోర్న్, బ్రిస్బేన్ నగరాలను కలిపే ఇన్‌లాండ్ రైల్ అనే సరకు రవాణా మార్గం కూడా మా ఊరి మీదుగానే వెళుతోంది. అయితే వెంటనే దొరుకుతుందని అనుకోకుండా, మీ ఒక్కరి జీతం లేకుండా ఆరేడు నెలలు గడిచేంత డబ్బు చేతిలో పెట్టుకుని రండి.

రెండో సమాధానం (అడిలైడ్ నుంచి)

పై సోదరి చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తున్నాను. అయితే మాకు ఆ షెడ్డు వంటి ఆసరా దొరకలేదు కనుక మా కథ వేరుగా నడిచింది. దాన్ని కూడా వినడం మీకు మంచిది.

మేము దక్షిణ ఆస్ట్రేలియా నామినేషన్ మీద మౌంట్ గాంబియర్ వెళ్లాం. అడిలైడ్‌కు 430 కిలోమీటర్ల దూరంలో, నిద్రాణమైన అగ్నిపర్వతం మీద ఉన్న ఊరు అది. అక్కడి చెరువు ఎండాకాలం రాగానే బూడిదరంగు వదిలి నీలిమందు కలిపినట్టు మారిపోతుంది. అంత అందమైన ఊరు నేను మళ్లీ చూడలేదు. నాకు అకౌంటెంటు ఉద్యోగం ఉంది. నా భార్య వరంగల్‌లో ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పిన టీచరు. అక్కడ ఆమెకు బడి లేదు, బండి లేదు, తెలుగులో మాట్లాడే మనిషి లేదు. సాయంత్రం ఐదింటికి దుకాణాలు మూసేస్తారు, ఆ తరువాత వీధిలో నరమానవుడు కనిపించడు. నేను ఆ నిశ్శబ్దాన్ని ప్రశాంతత అనుకున్నాను, ఆమెకు అది ఊపిరాడనివ్వలేదు. పధ్నాలుగు నెలలకు అడిలైడ్ చేరాం. ఇప్పుడు ఆమె ఇక్కడ ఒక శిశు సంరక్షణ కేంద్రంలో పనిచేస్తోంది, సంతోషంగా ఉంది. తప్పు ఊరిది కాదు. ఊరిని ఎంచుకున్నప్పుడు ఆమెను అడగకపోవడం నా తప్పు.

మీ కన్సల్టెంటు మీకు చెప్పారో లేదో తెలియదు కానీ, 491 వీసా లెక్కలో సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప దేశమంతా రీజినల్ ప్రాంతమే. అంటే అడిలైడ్, పెర్త్, హోబార్ట్, కాన్‌బెర్రా కూడా అందులోకే వస్తాయి. కాకపోతే నామినేట్ చేసిన రాష్ట్రంలోనే ఉండాలని ఆ రాష్ట్రం ఆశిస్తుంది. వీసా అయిదేళ్లు ఉంటుంది. కనీసం మూడేళ్లు రీజినల్ ప్రాంతంలో ఉండి, మూడు ఆర్థిక సంవత్సరాల పన్ను మదింపు పత్రాలు చూపితే 191 అనే శాశ్వత వీసాకు దరఖాస్తు చేయవచ్చు. ఆ శాశ్వత వీసా వచ్చేలోపు కూడా మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య సదుపాయం ఉంటుంది. రీజినల్ ప్రాంతంలోనే ఉండాలన్న నిబంధన ఇద్దరికీ వర్తిస్తుంది, ఒకరు వాగాలో, ఒకరు సిడ్నీలో ఉండి ఉద్యోగం చేస్తామంటే కుదరదు.

వచ్చీ రాగానే పాత ఇల్లు కొనాలన్న ఆలోచన మానుకోండి. 2025 ఏప్రిల్ 1 నుంచి రెండేళ్ల పాటు తాత్కాలిక వీసాపై ఉన్నవారితో సహా విదేశీయులు పాత ఇళ్లు కొనకుండా ప్రభుత్వం నిషేధం పెట్టింది. నిషేధం సంగతి అటుంచినా, ఒక చలికాలం, ఒక ఎండాకాలం అద్దె ఇంట్లో గడపకుండా ఊరి బయట ఇల్లు కొనడం మంచిది కాదని నా అభిప్రాయం. అక్కడ తాగేది వాననీటి ట్యాంకు నీరు, మురుగు పోయేది సొంత సెప్టిక్ ట్యాంకులోకి, వేసవిలో కార్చిచ్చు భయం, గడ్డిలో బ్రౌన్ స్నేక్ అనే విషసర్పం. ఇవన్నీ నేర్చుకోదగినవే కానీ కళ్లతో చూసి నేర్చుకోవాలి. ఇక్కడ అద్దె వారం లెక్కన కడతారు. మొదటి ఇల్లు దొరకడం కష్టం, ఎందుకంటే ఇదివరకటి ఇంటివారి సిఫార్సు అడుగుతారు. ఆసుపత్రి ఉద్యోగ పత్రం చూపిస్తే కొంత నయం.

మూడో సమాధానం (తెనాలి నుంచి)

నాయనా, నేను బ్యాంకులో పనిచేసి విరమించాను. మా అబ్బాయి, కోడలు పదకొండేళ్లుగా పరాయి దేశంలో ఉన్నారు. నువ్వు అమ్మగారి గురించి రాసిన రెండు ముక్కలు చదివి ఈ సమాధానం రాస్తున్నాను.

పొలం విషయంలో కంగారుపడవలసింది లేదు. ఇక్కడ ఉన్నప్పుడు నీకు సంక్రమించిన భూమిని నువ్వు విదేశంలో ఉన్నా ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చేదాన్నీ తీసుకోవచ్చు. కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి మాత్రం ప్రవాసులకు అనుమతి లేదు. అమ్మదలచుకుంటే భారతదేశంలో నివసించే భారతీయులకే అమ్మాలి. కనుక పక్క చెక్క కొనాలన్న ఆలోచన ఏమైనా ఉంటే బయలుదేరే ముందే తేల్చుకో. పట్టాదారు పాసుపుస్తకంలో నాన్నగారి పేరు మార్పించకుండా మాత్రం విమానం ఎక్కవద్దు, అక్కడి నుంచి ఆ పని చేయించడం ప్రాణం మీదికి వస్తుంది. కౌలు డబ్బు పడే ఖాతాను ఎన్‌ఆర్‌వో ఖాతాగా, అంటే ప్రవాసులకు ఇక్కడ వచ్చే ఆదాయం జమ అయ్యే ఖాతాగా, మార్పించుకో. లేదా ఆ కౌలు అమ్మకే చెందేలా కాగితం రాసి ఇవ్వు. నా మాట వింటే రెండోదే చెయ్యి. నెలనెలా కొడుకు పంపితే తినడం వేరు, తన పొలం మీద వచ్చిన డబ్బుతో తినడం వేరు.

ఇక అమ్మగారిని తీసుకుపోవడం గురించి. మీరు శాశ్వత నివాసులయ్యే దాకా ఆమె సందర్శక వీసా మీద వచ్చి వెళ్లడమే దారి. మూడేళ్లు, అయిదేళ్లు ఉండనిచ్చే తల్లిదండ్రుల తాత్కాలిక వీసా ఒకటి ఉంది కానీ, దానికి స్పాన్సరు చేసేవారు అక్కడ శాశ్వత నివాసులో, పౌరులో అయి ఉండాలి. శాశ్వత తల్లిదండ్రుల వీసాకు వరుస ఏళ్ల తరబడి సాగుతుంది, ఖర్చు కూడా తలకు మించినది. అందుచేత ఆమెకు ఇప్పుడే పాస్‌పోర్టు తీయించు. వాట్సాప్ వీడియో కాల్ చేయడం నువ్వు నేర్పకు, పక్కింటి పిల్ల చేత నేర్పించు. నువ్వు లేనప్పుడు ఫోను మొరాయిస్తే ఆమె అడగబోయేది ఆ పిల్లనే కదా. అక్కడి గడియారం మనకన్నా నాలుగున్నర గంటలు ముందు ఉంటుంది, వాళ్ల ఎండాకాలంలో అయిదున్నర గంటలు.

మరో మాట చెప్పాలి. చిన్న ఊరి నుంచి నరసరావుపేటకు చేరడానికి ఒక పగలూ ఒక రాత్రీ చాలవు. మా ఆవిడ పోయినప్పుడు మా అబ్బాయి మూడో రోజుకు వచ్చాడు. వాణ్ణి నేను ఒక్క మాట అనలేదు, వాడు మాత్రం తనను తాను ఇంకా క్షమించుకోలేదు. ఈ విషయం అమ్మతో కూర్చుని ముందే మాట్లాడు. ఆమె నీకన్నా ధైర్యంగా జవాబు చెబుతుంది.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పెద్దాయన మాట విని నిన్న ఊరికి వెళ్లి అమ్మతో మాట్లాడాను. నేను తలుపు దగ్గర నిలబడి నసుగుతుంటే, "వెళ్లేది ఇద్దరా, ఒక్కడివా?" అని అడిగింది. ఇద్దరమూ అన్నాను. "అయితే వెళ్లండి, పాసుపుస్తకం సంగతి మాత్రం చూసి వెళ్లు" అంది. పాస్‌పోర్టుకు ఈ వారమే దరఖాస్తు పెడుతున్నాను. నా అర్హతల మదింపుకు కూడా కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. ఊరిని ఎంచుకునే ముందు నా భార్య, నేను విడివిడిగా కూర్చుని, డ్యూటీ లేని రోజు ఎలా గడపాలనుకుంటున్నామో రాసుకున్నాం. ఆమె కాగితంలో గుడి ఉంది, నా కాగితంలో లేదు. అలాగే వాగాలో గోంగూర దొరుకుతుందా అని ఆమె అడగమంది.

వాగా వాగా నుంచి

గుడి అంటే సిడ్నీకి దక్షిణాన హెలెన్స్‌బర్గ్‌లో 1985 నాటి శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది. మాకు కారులో దాదాపు ఐదు గంటల దారి. ఏడాదికి రెండుసార్లు వెళతాం, మిగతా పండుగలు ఎనిమిది తెలుగు కుటుంబాలం ఒకరి ఇంట్లో కలిసి చేసుకుంటాం. రండి, తొమ్మిదో కుటుంబం అవుతారు.

గోంగూర దుకాణంలో దొరకదు. విత్తనాలు మన దగ్గర నుంచి మూటకట్టుకుని రావద్దు, విమానాశ్రయంలో పట్టుకుంటే జరిమానా వేస్తారు. ఇక్కడి నర్సరీల్లో రోసెల్లా అనే మొక్క విత్తనాలు అమ్ముతారు. వీళ్లు దాని ఎర్రటి కాయ తొడిమలతో జామ్ చేసుకుని ఆకు పారేస్తారు, ఆ ఆకే మన ఎర్ర గోంగూర. మంచు పడటం ఆగాక, అక్టోబరు చివర నాటుకుంటే జనవరి నుంచి కోతకు వస్తుంది. మే నెల మంచుకు ఒక్క రాత్రిలో ఆకంతా నల్లబడిపోతుంది కనుక మేము ఏప్రిల్‌లోనే మొత్తం దూసి పచ్చడి పెట్టుకుంటాం.