యెహోషువ 1:9లో ‘దిగులుపడకుము’ అంటే ఏడవొద్దనా?

ప్రశ్న: ఇంటిపెద్దో సంఘకాపరో పోయి, బరువంతా నెత్తిన పడినవాళ్లకు ‘నిబ్బరముగలిగి ధైర్యముగా నుండుము, దిగులుపడకుము జడియకుము’ చదివి, ‘దిగులొద్దని దేవుడే అన్నాడు, ఇక ఊరుకో’ అంటుంటారు. మాటకు ఆ అర్థం వస్తుందా?

జవాబు: రాదండీ. అది మోషే పోయాక ఇశ్రాయేలు ప్రజల్ని కనాను దేశంలోకి నడిపించాల్సిన యెహోషువతో దేవుడన్న మాట. చిక్కు ‘దిగులు’తోనే. మనకది బెంగ, విచారం, భయం మూడూ కలిసిన మాట. హీబ్రూలో అక్కడున్న ‘ఆరత్స్’ ఒట్టి భయమే, ఎదుటివాణ్ణి చూసి హడలిపోవడం. ద్వితీయోపదేశకాండము 31:6లో ఇదే క్రియకు మన పాత అనువాదం ‘వారిని చూచి దిగులుపడకుడి’ అంటుంది. ఆ ‘వారు’ కనాను జనాలు. పోయినవాళ్ల ఊసే లేదు. ‘జడియకుము’ మాత్రం చక్కగా కుదిరింది. పిల్లలు జడుసుకున్నారంటామే, అదే.

మరో జవాబు: ‘నిబ్బరం’ ఇంకా బాగా కుదిరింది. చావింటికి వెళ్లినవాళ్లు ‘గుండె నిబ్బరం చేసుకో’ అంటారు గానీ ఏడవొద్దని దాని అర్థం కాదు. పైగా ఆ దుఃఖానికి గడువు ముందే ఇచ్చారు: మోయాబు మైదానాల్లో ప్రజలు మోషే కోసం 30 రోజులు ఏడ్చి, ఆ దినాలు తీరాయని ద్వితీయోపదేశకాండము 34:8 చెబుతుంది. యెహోషువ గ్రంథం మొదలయ్యేది ఆ తర్వాతే. 1:2లో ‘కాబట్టి నీవు లేచి’ అన్నచోట మూలంలో ‘వెఅత్తా’ ఉంది, ‘ఇప్పుడిక’ అని. మోషే చనిపోయాడు, ఇప్పుడిక లే. ‘కాబట్టి’ పెట్టేసరికి చావే కారణమన్నట్టు బిగిసిపోయింది.

ప్రశ్న: 8వ వచనంలో ‘దివారాత్రము ధ్యానించు’ అంటే కళ్లు మూసుకుని కూర్చోవడమా?

జవాబు: కాదు, నోటితో గొణుక్కుంటూ చదవడం. క్రియ ‘హాగా’. యెషయా 38:14లో గువ్వలా మూలిగానని హిజ్కియా అన్నదీ ఈ క్రియతోనే. గొంతు పూడుకుపోయినవాడు కూడా చేయగలిగిన పని. ఇక ఆ మాటకు లోబడడం అంటే ఏమిటో 10, 11 వచనాలు చూడండి: యెహోషువ నాయకుల్ని పిలిచి, మూడు రోజుల్లో యొర్దాను దాటాలి, తిండి సిద్ధం చేసుకోమనండి అని కబురు. అంతే, పెద్ద ప్రసంగమేమీ లేదు.

వాళ్లు తప్పింది ఎక్కడంటే యెహోషువ 9:14 దగ్గర. కనానులోనే ఉన్న గిబియోను ఊరివాళ్లు ఎండి బూజుపట్టిన రొట్టెలు, పాత ద్రాక్షారసపు తిత్తులు చూపించి దూరదేశంవాళ్లమన్నారు. ఇశ్రాయేలు పెద్దలు ఆ తిండి పుచ్చుకున్నారు గానీ యెహోవా దగ్గర విచారణ చేయలేదు. మూడు రోజులకే తెలిసింది వాళ్లు పొరుగువాళ్లేనని. అప్పటికే ప్రమాణం చేసేశారు, వెనక్కి తీసుకోలేరు.

అడిగినవారికి ఒక మాట: ఆ ఇంట్లో చదవాల్సి వస్తే 1:9 ఒక్కటీ పట్టుకోకండి. ద్వితీయోపదేశకాండము 34:8తో మొదలుపెట్టి చదవండి.